జంట కంచెలు, జానెడు ఖాళీ: రెండో కుందేలు వచ్చాక ఏడాది పైగా వాడిన అనుభవం

ఇంట్లో ఉన్న కుందేలుకు కొత్తదాన్ని పరిచయం చేయడానికి మడతపెట్టే ఇనుప కంచె కొనవచ్చా అని చాలామంది అడుగుతుంటారు. కొనండి, కానీ రెండు కొనండి. ఒక్కటే కొని కొత్తదాన్ని అందులో పెట్టి, పాతదాన్ని ఇల్లంతా తిరగనిస్తే పెట్టిన డబ్బు వృథా. ఇంతకాలం వాడాక కూడా నేను మురిసిపోయి చెప్పుకునే సుగుణం ఒక్కటే: పక్కపక్కన రెండు కంచెలు ఉంటే రోజూ ఇటుదాన్ని అటు, అటుదాన్ని ఇటు మార్చవచ్చు. మా చుక్క, సోముడు ఈ రోజు ఒకే గిన్నెలో కొత్తిమీర తింటున్నారంటే అది చాలావరకు ఆ మార్పిడి చలవే.

ఎత్తు, బరువు, ధర అమ్మేవాళ్లే రాస్తారు కాబట్టి వాటి జోలికి పోను. మాది హైదరాబాద్‌లో రెండు పడక గదుల ఫ్లాట్. చుక్క ఏళ్ల తరబడి హాలంతా తన సొత్తుగా ఏలుకున్న ఆడ కుందేలు. ఎవరో పిల్లల సరదా కోసం కొని, సరదా తీరాక వదిలించుకోవాలనుకున్న మగ కుందేలు సోముడు. ఇద్దరికీ కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయింది. ఆడ కుందేళ్లకు వయసు పెరిగేకొద్దీ గర్భాశయ క్యాన్సర్ ముప్పు ఎక్కువ కాబట్టి చుక్కకు ముందే చేయించాను. సోముడికి మా ఇంటికి వచ్చాకే అయింది. ఆపరేషన్ అయిన మరునాటి నుంచే మగ కుందేలు శాంతించదు. హార్మోన్ల జోరు తగ్గడానికి వారాలు పడుతుంది, 6 వారాల దాకా సంతానం కలిగే అవకాశం కూడా మిగిలి ఉండవచ్చు. అందుకే ఆ గడువు తీరేదాకా వాణ్ని పడక గదిలోనే ఉంచి, తర్వాత హాల్లో చుక్క కంచె పక్కన వాడి కంచె వేశాను.

మొదటి రోజుల్లో చుక్క చేసిన హడావుడి అంతా ఇంతా కాదు. వెనక కాలితో నేలను దబ్‌మని కొట్టడం, తోక నిక్కబొడిచి కంచె వెంబడి అటూ ఇటూ పరుగెత్తడం, వాడు కనిపించగానే చెవులు వెనక్కి అతికించుకుని ముందుకు దూకడం. సాయంత్రం గడ్డి వేసే వేళకు ఇద్దరినీ మార్చేదాన్ని. ఇక్కడ కిటుకు ఏమిటంటే, మార్చే ముందు ఏదీ కడగకూడదు. వాడి ట్రే, వాడు నమిలి వదిలిన గడ్డి, వాడు పడుకున్న గోనె, అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉండాలి. కుందేలుకు గడ్డం కింద గ్రంథులు ఉంటాయి. తనది అనుకున్న ప్రతి వస్తువుకూ గడ్డం రుద్ది వాసన అంటిస్తుంది. సోముడి వైపు అడుగుపెట్టిన చుక్క ముందు గిన్నె అంచుకు, తర్వాత ట్రే నాలుగు మూలలకు, తర్వాత కంచెలో అందిన ప్రతి తీగకూ ఓపికగా గడ్డం రుద్దేది. అది అయ్యాక వాడి ట్రే నడిమధ్య కూర్చుని గుప్పెడు పెంటికలు వేసి, ఆ పని పూర్తయ్యాకే గడ్డి వైపు చూసేది. మర్నాడు వాడు తన వైపుకు వచ్చి వాటి మీద తన పెంటికలు వేసేవాడు.

కొద్ది రోజులకు ఈ రుద్దుడు తగ్గింది. ఒక సాయంత్రం చుక్క వాడి గోనెను మూతితో రెండుసార్లు తట్టి, గడ్డం ఆనించకుండానే దాని మీద పక్కకు ఒరిగి కాళ్లు చాపేసింది. కుందేలు అలా పొట్ట కనిపించేలా ఒరగాలంటే ఆ చోట దానికి భయం లేదన్న మాట. ఆ రోజుల్లో మా ఇంట్లోనే ఉన్న అమ్మ అది చూసి, "ఇప్పుడు పోట్లాట కాదే, అలక. కొత్త తోడికోడలు సర్దిన వంటింట్లోకి వచ్చి కూర్చున్నట్టుంది" అంది. నాకు అంతకంటే బాగా చెప్పడం చేతకాదు.

ఇక గొడవ సంగతి. నేను మొదట కొన్నది పుస్తకాల అరల కోసం అమ్మే చిన్న చిన్న తీగ పలకల సెట్టు. ఒక్కో పలక సుమారు 35 సెంటీమీటర్లు, మూలల్లో ప్లాస్టిక్ బిళ్లలతో బిగించాలి. కుందేళ్ల కంచెగా వాడుకోవచ్చని దాని పెట్టె మీదే బొమ్మతో సహా వేసి ఉంది. ఆ ప్లాస్టిక్ బిళ్లల మీద నాకు ఇప్పటికీ కోపం తీరలేదు. కొత్తలో గట్టిగానే పట్టాయి. మే నెల వచ్చి, బాల్కనీ తలుపు పక్కనున్న వైపు ఎండ కొట్టడం మొదలయ్యాక వదులయ్యాయి. చుక్క రోజూ అదే మూలను పళ్లతో గుంజేది. ఒక మధ్యాహ్నం టక్‌మని చప్పుడు. నేను పక్క గదిలోంచి వచ్చేలోపే అడుగు పలక ఊడింది, చుక్క మధ్య ఖాళీలోకి దూరింది, సోముడి పలకను మూతితో పైకెత్తింది. బరువు లేని పలక కావడంతో తేలిగ్గా లేచింది.

కుందేళ్ల పోట్లాట చూడనివారికి అది ఎంత వేగంగా జరుగుతుందో ఊహకు అందదు. ఇద్దరూ ఒకరి పొట్ట కింద ఒకరు తల దూర్చి గిరగిరా తిరుగుతున్నారు, బొచ్చు గాల్లో తేలుతోంది, చప్పుడు మాత్రం దాదాపు లేదు. అప్పుడు చేతులు పెట్టకూడదు, ఎముక దాకా కరుస్తాయి. మూలన ఉన్న చేట తీసి ఇద్దరి మధ్యకు దించాను, అమ్మ తువ్వాలు విసిరి చుక్కను చుట్టేసింది. సోముడి చెవి అంచు చీలింది, చుక్క తొడ మీద అరచేయంత మేర బొచ్చు లేచిపోయింది. కుందేలు చర్మం పల్చన, పైన బొచ్చు దట్టం; లోపలి గాటు పైకి కనిపించదు. వేళ్లతో బొచ్చు విడదీసి ఒళ్లంతా వెతకాలి.

కుందేళ్లను చూసే అలవాటున్న పశువైద్యురాలి దగ్గరికి వెళ్లడం మా అదృష్టం. గాయాలకు కుట్లు అవసరం లేదు కానీ, తిండి మానకుండా చూడమని ఆమె గట్టిగా చెప్పారు. బెదిరిన కుందేలు మేత ఆపుతుంది, మేత ఆగితే పేగుల కదలిక ఆగుతుంది, 12 గంటలు ఏమీ తినకపోతే అది అత్యవసర స్థితి. ఇంట్లో మిగిలిన అమాక్సిసిలిన్ లాంటి మాత్రలు నోట్లో వేయవద్దని కూడా హెచ్చరించారు. అవి కుందేలు పేగుల్లోని మేలు చేసే సూక్ష్మజీవులను చంపి ప్రాణం మీదికి తెస్తాయి. సోముడు ఆ రాత్రి పుదీనా ముట్టుకునేదాకా నాకు కంటి మీద కునుకు లేదు.

ఆ పలకలను పాత సామాన్ల వాడికి ఇచ్చేసి, పలకలు ఒకదానికొకటి అతికి ఉండి మూలల్లో ఇనుప కడ్డీ గుచ్చే రకం కంచెలు రెండు తెచ్చాను. బరువు ఎక్కువ, కింది అంచు లేవదు. మధ్య ఖాళీ జానెడు ఉంచాను. తీగల సందులోంచి ముక్కులు, పెదవులు కొరుక్కోవడం చాలా సాధారణం కాబట్టి ఆ జానెడు కంటే తగ్గించవద్దు. గాయాలు మానాక మార్పిడి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. నేను ఎదురుచూడని విశేషం ఇక్కడే జరిగింది. అంత పోట్లాట తర్వాత పరిస్థితి మొదటికంటే ఘోరంగా ఉంటుందనుకుంటే, చుక్క ఈసారి చాలా తొందరగా దారికి వచ్చింది. గడ్డం రుద్దడం కొద్దిగా, కాలు కొట్టడం ఇంకా కొద్దిగా. వాడి ట్రేలో కూర్చునే గడ్డి నమిలేది.

అప్పట్లో ఆ సంబరంలో కనిపించినవారందరికీ "మార్పిడి ఒక్కటి చాలు, మిగతాదంతా అదే జరుగుతుంది" అని చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. మొదటిసారి కంచె లేకుండా కలిపింది పక్క ఫ్లాట్ పిన్నిగారి ఖాళీ గదిలో, అంటే ఇద్దరిలో ఎవరి వాసనా లేని చోట. నేల మీద జారకుండా జంపఖానా పరిచాం. అక్కడ కూడా తరుముకోవడం, మీదెక్కడం తప్పలేదు. వెనక నుంచి ఎక్కితే కాసేపు ఊరుకోవచ్చు. తల వైపు నుంచి ఎక్కితే మాత్రం వెంటనే దించాలి, కింద ఉన్నది మర్మాంగాల మీద కరిచే ప్రమాదం ఉంది. చుక్క తల నేలకు ఆనించి నాకమన్నట్టు వాడి ముందు పెట్టడం, వాడు వచ్చి దాని నుదురు నాకడం చాలా కలయికల తర్వాత గానీ జరగలేదు. వాసనల తగవును మార్పిడి తీర్చింది, చనువును మాత్రం ఆ గదిలో గడిపిన సమయమే తెచ్చింది. పైగా రెండోసారి మార్పిడి మొదలుపెట్టేనాటికి సోముడి హార్మోన్లు పూర్తిగా చల్లబడి ఉంటాయి. ఆ పుణ్యంలో కంచెకు దక్కాల్సిన వాటా ఎంతో నేను తూచి చెప్పలేను.

ఇబ్బందులు లేకపోలేదు. హాలులో సగం కంచెలకే పోతుంది. మొదట్లో వాడు తీగల సందులోంచి మూత్రం చిమ్మితే గోడ దాకా తుడవాల్సి వచ్చేది. ఎండాకాలంలో బాల్కనీ వైపున్న కంచె కాగిపోతుంది. కుందేళ్లకు చెమట పట్టదు, 30 డిగ్రీలు దాటితే చాలు, అవస్థ పడతాయి. మన ఊళ్లలో ఏప్రిల్, మే నెలల్లో రెండు కంచెలూ నీడలో పట్టే చోటు లేకపోతే కలిపే పని వానలు పడేదాకా వాయిదా వేసుకోవడమే మేలు.

కొనాలా వద్దా అంటే, నాకు మాత్రం పైసా వసూలు. అయితే నేను ఇంటి నుంచే పని చేస్తాను, రోజంతా కనిపెట్టుకుని ఉండగలిగాను, పక్కింట్లో గది దొరికింది, మాది ఆపరేషన్ అయిన ఆడ, మగ జంట. సాధారణంగా అన్నిటికంటే తేలిగ్గా కలిసేది అటువంటి జంటే. మీవి రెండూ ఆడవైతే, లేదా రెండూ మగవైతే నా అనుభవాన్ని కొలమానంగా తీసుకోకండి. అటువంటి జంటను కలిపినవారిని అడగండి. ఇద్దరూ కలిసిపోయాక ఒక కంచెను నా స్నేహితురాలికి ఇచ్చాను. రెండోదాన్ని మాత్రం ఇవ్వను. ఒకరిని ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వస్తే రెండోవారిని కూడా వెంట తీసుకెళతాను, విడిగా వెళ్లి వేరే వాసనతో తిరిగొస్తే మళ్లీ తగవు మొదలయ్యే అవకాశం ఉంది కాబట్టి. ఎంత జాగ్రత్తపడినా ఎప్పుడైనా అటువంటి రోజు వస్తే, కంచె కోసం దుకాణాల చుట్టూ తిరిగే తీరిక ఉండదు.