దసరా సెలవుల్లో నల్లమల నడక: మన్ననూరు బస, చెంచు గైడు, మల్లెలతీర్థం

దసరా సెలవులు దగ్గర పడితే మా స్టాఫ్ రూములో ఊటీ, అరకు, కూర్గ్ తప్ప ఇంకో మాట వినిపించదు. మిర్యాలగూడ నుంచి దేవరకొండ, డిండి మీదుగా పొద్దున్నే బయల్దేరితే భోజనాల వేళకల్లా చేరే అడవిని ఎవరూ తలవరు. ఆ బాధతోనే ఇది రాస్తున్నా.

మేం వెళ్ళింది నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యానికి. మన్ననూరులో అటవీ శాఖ నడిపే బస, సఫారీ, గైడుతో అడవిలో నడక కలిపిన ప్యాకేజీ తీసుకున్నాం. నేనూ మా ఆయనా, ఇద్దరు పిల్లలు, మా అత్తమ్మ. సఫారీ బాగుంది. నడక మాత్రం ఇన్నేళ్ళుగా బయాలజీ చెబుతున్న నాకే పాఠం చెప్పింది. సఫారీ కోసం కాక నడక కోసమే ఈ ట్రిప్పు వేసుకోమంటాను.

ముందు తేదీల సంగతి. వానాకాలం జులై నుంచి సెప్టెంబరు దాకా అభయారణ్యంలో సఫారీలు ఆపేస్తారు. జంతువులు జతకట్టే కాలం, దారులన్నీ బురద. మళ్ళీ అక్టోబరులో తెరుస్తారు. కాబట్టి పండగ అక్టోబరు మొదట్లోనే వచ్చిన ఏడాది, సెలవుల మొదటి సగం అడవికి పనికిరాదు. పండగ అయ్యాక వచ్చే రోజులకే బుక్ చేసుకోండి. అక్టోబరు, నవంబరు నెలల్లో అడవి ఇంకా పచ్చగా ఉంటుంది, వాగుల్లో నీళ్ళుంటాయి, ఎండ కాల్చదు. ఫిబ్రవరి దాటితే చెట్లు ఆకు రాలుస్తాయి. అప్పుడు జంతువులు బాగానే కనిపిస్తాయి గానీ పిల్లలతో నడిచేది కష్టం.

సఫారీలో ఫరహాబాద్ వైపు తీసుకెళ్ళారు. నిజాం కాలంనాటి వేట బంగళా శిథిలాలు అక్కడ ఉన్నాయి. వ్యూ పాయింట్ దగ్గర కొండ అంచున నిలబడితే కింద లోయంతా అడవే. దుప్పులు, కొండముచ్చులు, ఒక నెమలి కనిపించాయి. పులి కనిపించలేదు. 2,611 చదరపు కిలోమీటర్ల అడవిలో మనం జీపెక్కిన గంటకే పులి రోడ్డు మీదికి రావాలనుకోవడం సరికాదని మా వాడికి ముందే చెప్పి పెట్టాను.

ఇక నడక. మా గైడు చెంచు కుర్రాడు. ఇంటర్ చదివాడట. మాట తక్కువ, చూపు ఎక్కువ. కాస్త దూరం పోయాక ఒక పుట్ట దగ్గర ఆగాడు. "అమ్మా, ఇగో జూడుండ్రి, ఎలుగు తవ్వింది. రాత్రిదే. మన్ను ఇంకా పచ్చిగనే ఉన్నది." పుట్ట పక్కకు పగిలి ఉంది. లోపల గదులు గదులుగా కనబడుతున్నాయి, చెదలు అప్పుడే వాటిని పూడ్చుకుంటున్నాయి. ఎలుగు మూతి గొట్టంలా చేసి చెదపురుగుల్ని ఎలా పీలుస్తుందో చేసి చూపించాడు. మా చిన్నది ఇంటికొచ్చాక కూడా అదే చేసి చూపిస్తోంది.

నల్లమద్ది చెట్టు బెరడు మొసలి వీపులా పలకలు పలకలుగా ఉంటుందని పుస్తకంలో చదివి పిల్లలకు చెప్పేదాన్ని. కొన్ని నల్లమద్దులు కాండంలో నీళ్ళు దాచుకుంటాయని, ఉబ్బెత్తుగా ఉన్న చోట గాటు పెడితే ధార కడుతుందని అక్కడే తెలిసింది. అలాంటి చెట్టు ఒకటి చూపించాడు గానీ గాటు మాత్రం పెట్టలేదు. "దూపతోని ఉన్నోనికే అది, ఊకెనే కొట్టొద్దు" అన్నాడు. వానలు వెనకబట్టిన ఈ రోజుల్లో రెండు చెట్ల మధ్య పెద్ద సాలెగూళ్ళు అల్లి ఉంటాయి. ఎండ పడితే దారాలు బంగారు రంగులో మెరుస్తాయి. గూడు అడ్డం వచ్చిన ప్రతిచోటా అతను దాన్ని తెంపకుండా వంగి పక్క నుంచి వెళ్ళాడు, మేమూ అలాగే వెళ్ళాం.

తేనె గురించి అడిగితే మాత్రం ఉత్సాహంగా చెప్పాడు. కొండ చరియకు తాడు కట్టుకొని దిగేవాడి తాడు బావమరిది చేతిలోనే ఉండాలట. "అక్క మొగడు గదమ్మా, ఎట్ల ఇడుస్తడు?" మా అత్తమ్మకు ఆ మాట ఎంత నచ్చిందో, దారి పొడుగునా తలుచుకుంటూనే ఉంది. ఇంత తెలిసిన మనిషి వెంట నడిచింది రెండు గంటలేనన్న వెలితి నాకు మిగిలింది. సగం రోజు నడక కూడా పెడితే నేను మొదటి రోజే బుక్ చేస్తాను.

మల్లెలతీర్థం జలపాతానికి వటవర్లపల్లి దగ్గర మళ్ళాలి. దిగడానికి మూడు వందలకు పైగా మెట్లున్నాయి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు దిగేటప్పటికన్నా ఎక్కేటప్పుడే కష్టం, అందుకే అత్తమ్మను పైనే కూర్చోబెట్టాం. దానికి బదులు ఆమెకు రంగాపూర్ దగ్గరి ఉమామహేశ్వరం గుడి చూపించాం. శ్రీశైలానికి ఉత్తర ద్వారం కదా, అక్కడ పాపనాశనం అనే ఊట దగ్గర నీళ్ళు చల్లుకొని ఆమె సంతోషపడింది. కొండ అంచు వెంట చెట్ల నీడలో ఆ నడక అన్ని వయసుల వాళ్ళకూ హాయి.

ఒక విషయంలో జాగ్రత్త. మేం అద్దెకు మాట్లాడుకున్న కారు డ్రైవరు మల్లెలతీర్థం దగ్గర గంటకు మించి ఆగనని తొందరపెట్టాడు. జలపాతం ముందు పిల్లలు కాళ్ళు తడుపుకునే లోపే పైకి రమ్మని ఫోన్ మీద ఫోన్. కిలోమీటర్లతో పాటు ఎన్ని గంటలు ఆగాలో కూడా ముందే తేల్చుకోండి. ఇద్దరు ముగ్గురే అయితే హైదరాబాద్ - శ్రీశైలం ఆర్టీసీ బస్సులు మన్ననూరు మీదుగానే పోతాయి. అవి చాలు.

లోపలికి పోయాక సిగ్నల్ ఉండదు, బుకింగ్ కాగితాలు ఫోన్లో ముందే దించుకోండి. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్కు అడవిలో నిషేధం, స్టీలు సీసాలు పట్టుకెళ్ళండి. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మన్ననూరు చెక్‌పోస్టు గేటు మూసేస్తారు, డిండి దగ్గర టీ తాగుతూ ఆలస్యం చేయకండి. కార్తీకమాసంలో వెళ్ళేట్టయితే ఆది, సోమవారాలు వదిలేయండి. శ్రీశైలం వెళ్ళే వాహనాలతో ఆ రోడ్డు నిండిపోతుంది. మంగళవారం నుంచి గురువారం లోపు పెట్టుకుంటే అడవి మీకు మిగులుతుంది.