ఒకే ప్రహరీలో అన్ని ఆటలూ: బెజవాడలో మూడు రోజుల బస

మా అమ్మాయి షటిల్ టోర్నమెంటు కోసం విజయవాడ వెళ్ళవలసి వచ్చినప్పుడు, గుంటూరు నుంచి రోజూ 35 కిలోమీటర్లు వెళ్ళి రావడమా, మూడు రోజులూ అక్కడే ఉండిపోవడమా అన్న విషయం మా ఇంట్లో వారం పాటు తెగలేదు. చివరికి పటమటలో ఉంటున్న మా బావమరిది ఫోన్ చేసి, "బావగారూ, నాకు క్లబ్బులో సభ్యత్వం ఉండగా మీరు లాడ్జిలో దిగడమేమిటి? ఈతకొలను, టెన్నిసు, షటిలు, అన్నీ ఒకే ప్రహరీలో ఉంటాయి. అమ్మాయి సాయంత్రాలు సాధన కూడా చేసుకోవచ్చు" అని తేల్చేశాడు.

క్లబ్బు అనగానే నాకు మెదిలేది సికింద్రాబాద్ క్లబ్బు. ఉద్యోగరీత్యా హైదరాబాదులో ఉన్న రోజుల్లో ఒక మిత్రుడి అతిథిగా ఒక్కసారి లోపలికి వెళ్ళాను. 1878లో కంటోన్మెంటు అధికారుల కోసం మొదలై, దాదాపు 22 ఎకరాల్లో విస్తరించిన ఆ క్లబ్బులో టెన్నిసు, స్క్వాష్, ఈత, బిలియర్డ్స్ వంటివి ఒక ఎత్తయితే, హుస్సేన్‌సాగర్ ఒడ్డున తెరచాప పడవల కోసమే విడిగా ఒక విభాగం ఉండడం మరో ఎత్తు. 2022 జనవరిలో జరిగిన అగ్నిప్రమాదంలో ఆ పాత ప్రధాన భవనం కాలిపోయిందని చదివినప్పుడు, ఒక్క పూట చూసిన చోటే అయినా మనసు చివుక్కుమంది. దొరలు తమ తీరిక కోసం కట్టుకున్న ఇటువంటి క్లబ్బులు చాలావాటిలో భారతీయులకు ప్రవేశం దొరకడానికి ఏళ్ళూ పూళ్ళూ పట్టింది. అయినా మా అమ్మాయి ఆడే షటిల్‌కు తొలి నియమాలు 1870లలో పూనా దండులోనే రూపుదిద్దుకున్నాయి. 1875లో జబల్పూరులోని సైనికాధికారుల మధ్య పుట్టిన స్నూకర్ నియమాలను ఆ తరువాత ఊటీ క్లబ్బులో గోడకు తగిలించారు. మన పల్లెల్లో పసుపు రంగు ఉన్ని బంతితో ఆడే బాల్ బ్యాడ్మింటన్‌కు మాత్రం ఏ క్లబ్బూ అవసరం రాలేదు, రెండు వెదురు గెడలూ ఒక వలా ఉంటే చాలు.

మా బావమరిది క్లబ్బు కరకట్ట వైపు, ఊరికి దూరంగా ఉంది. పేరు ఎందుకు లెండి. సభ్యుడి అతిథులకు గది అద్దె అల్పాహారంతో కలిపి రోజుకు 4,200 రూపాయలు తీసుకున్నారు. గది విశాలంగా, దుప్పట్లు తెల్లగా ఉన్నాయి, కిటికీలోంచి అరటితోటలు కనిపించాయి. ఇంతవరకు వంక పెట్టడానికి లేదు. సాయంత్రం అమ్మాయి రాకెట్టు తీసుకుని కిందికి దిగితే, షటిల్ కోర్టులో ఎవరిదో పుట్టినరోజు వేడుక జరుగుతోంది. పోనీ టెన్నిసు కోర్టు వైపు వెళదామంటే అక్కడ పెళ్ళి షామియానా వేసి ఉంది. దగ్గరికి వెళ్ళి చూస్తే, గుంజ కోసం దించిన ఇనుప మేకు సరిగ్గా బేస్‌లైన్ మీదే దిగి ఉంది. దాని చుట్టూ ఆకుపచ్చ పూత పెచ్చులుగా లేచి, లోపలి సిమెంటు బయటపడింది. పక్కనే అంతకుముందు దించిన మేకుల తాలూకు రంధ్రాలు నాలుగు, వాటిలో అక్షింతలు. ఈతకొలను ఆరు గంటలకే మూసేశారు. కాఫీ చెప్పిన 40 నిమిషాలకు వచ్చింది, అదీ చల్లారి. సభ్యత్వ రుసుములో ఆటల వాటా ఎంతో, విందుల వాటా ఎంతో అడుగుదామనుకున్నాను గాని, మా బావమరిది ముఖం చూసి ఊరుకున్నాను.

మరునాడే గాంధీనగర్‌కు మారిపోయాము. రోజుకు 1,800 రూపాయల లాడ్జి, గది చిన్నది, లిఫ్టు మొరాయిస్తుంది, కాని వేడినీళ్ళు తెల్లవారుజామున ఐదు గంటలకే వస్తాయి. టోర్నమెంటుకు వచ్చిన వాళ్ళకు అంతకు మించిన సేవ లేదు. బాబాయ్ హోటల్లో వెన్న వేసిన ఇడ్లీ తిని నడుచుకుంటూ వస్తుంటే మునిసిపల్ ఈతకొలను కనిపించింది. దానికి సర్ విజ్జీ పేరు పెట్టారు. 1936లో ఇంగ్లండు పర్యటనకు వెళ్ళిన భారత క్రికెట్ జట్టు నాయకుడి పేరు ఈతకొలనుకు ఎందుకని మా అమ్మాయి అడిగింది, నా దగ్గర సమాధానం లేదు.

ఇండోర్ స్టేడియానికి దండమూడి రాజగోపాలరావు గారి పేరు ఉండడంలో అటువంటి ప్రశ్నకు తావు లేదు. 1951 ఆసియా క్రీడల్లో బరువులెత్తి కాంస్యం తెచ్చిన మనిషి, తెరమీద భీముడుగానూ మెప్పించాడు. బందరు రోడ్డులోని ఇందిరాగాంధీ స్టేడియానికి నేను ప్రత్యేకంగా వెళ్ళాను. 2002 నవంబరు 24న అక్కడ వెస్టిండీస్ 315 పరుగులు చేసి, మనవాళ్ళను 180కే చుట్టేసి, ఏడు మ్యాచ్‌ల సిరీస్‌ను 4-3తో ఎగరేసుకుపోయిన రోజున నేనూ ఆ జనంలో ఉన్నాను. ఆనాడు ఎండలో మంచినీళ్ళ కోసం పడిన అవస్థ స్కోరు కంటే బాగా గుర్తుంది. ఇప్పటికీ ఊళ్ళో ఏ మైదానానికి వెళ్ళినా నీళ్ళ సీసా, టోపీ వెంట ఉంచుకోవడమే మేలు, ఈ ఒక్క విషయంలో క్లబ్బుదే పైచేయి.

అమ్మాయి రెండో రౌండులో ఓడిపోయింది. మూడో రోజు ఖాళీ దొరికింది గనుక తెల్లవారకముందే కృష్ణ ఒడ్డుకు వెళ్ళాము. ప్రకాశం బ్యారేజీ దీపాలు ఇంకా ఆరలేదు. మెట్ల మీద డెబ్బై ఏళ్ళు దాటిన ఒక పెద్దాయన చొక్కా మడిచి, కళ్ళజోడు అందులో పెట్టి, చెప్పు కింద అదిమి, నీళ్ళు చేత్తో ఒకసారి తాకి చూసి దిగారు. ఈ ఊరి అమ్మాయే అయిన జ్యోతి సురేఖ పసితనంలోనే ఈ నదిలో ఈదిందనీ, ఆ తరువాత విల్లు పట్టి 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచిందనీ మా అమ్మాయికి చెప్పాను. ఓటమి బాధలో ఉన్నది కాబట్టి, "అయితే నేను కూడా ఆట మార్చుకోవాలా నాన్నా?" అని మూతి ముడిచింది.

వచ్చే టోర్నమెంటు కూడా విజయవాడలోనే. గాంధీనగర్ లాడ్జిలో రెండో అంతస్తు మూలగది మాకే ఉంచమని చెప్పి వచ్చాను. మా బావమరిదికి మాత్రం ఇంకా చెప్పలేదు.