అమ్మడమా, నిలుపుకోవడమా: రెండు టెలికాం సంస్థల అనుభవం

ప్రభుత్వ టెలికాం సంస్థను అమ్మాలా, నిలుపుకోవాలా అన్న ప్రశ్నకు మన దేశంలోనే రెండు జవాబులున్నాయి. విదేశీ కాల్స్ నడిపిన వీఎస్ఎన్ఎల్‌లో 25 శాతం వాటాను, యాజమాన్య బాధ్యతతో సహా, 2002 ఫిబ్రవరిలో టాటా గ్రూపు పొందింది. 2000 అక్టోబరు 1న టెలికాం శాఖ నుంచి విడివడిన బీఎస్ఎన్ఎల్ ఇప్పటికీ పూర్తిగా ప్రభుత్వానిదే.

ఖర్చు: అమ్మకం ఖజానాకు సుమారు 1,439 కోట్ల రూపాయలు తెచ్చింది.
నిలుపుకోవడానికి 2019, 2022, 2023లలో మూడు ప్రభుత్వ సహాయ ప్యాకేజీలు కావలసివచ్చాయి. 2022 నాటిదొక్కటే 1.64 లక్షల కోట్లు.

శ్రమ: వీఎస్ఎన్ఎల్ మిగులు భూములను విడదీసి వేరే సంస్థకు అప్పగించడానికి పదిహేనేళ్లకు పైగా పట్టింది. అమ్మే ముందే తేల్చవలసిన విషయమిది.
బీఎస్ఎన్ఎల్‌లో 78 వేలమందికి పైగా స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నారు. సంస్థ ప్రభుత్వం చేతిలో ఉంటే కొలువులు పదిలమన్న నమ్మకాన్ని, బాధాకరమైనా, ఇది సడలిస్తుంది.

ప్రమాదం: అమ్మితే సంస్థ నిధులు కొత్త యజమాని ఇతర వ్యాపారాలవైపు మళ్లవచ్చు, 2002లోనే టాటాల మరో ఫోన్ కంపెనీ టాటా టెలిసర్వీసెస్‌లో వీఎస్ఎన్ఎల్ 1,200 కోట్లు పెట్టాలన్న నిర్ణయం వివాదమైంది.
నిలుపుకుంటే నిర్ణయాలు ఆలస్యమవుతాయి. ఒక ప్రైవేటు కంపెనీ 2012లో మొదలుపెట్టిన 4జీని బీఎస్ఎన్ఎల్ దేశవ్యాప్తంగా ప్రారంభించేసరికి 2025 సెప్టెంబరు వచ్చింది.

పోటీదారులు చాలామంది ఉండి, వినియోగదారులు ప్రధానంగా కంపెనీలే అయినచోట, భూముల లెక్క ముందే తేల్చుకోగలిగితే, అమ్మకమే మేలు. టవరు ఖర్చు కూడా తిరిగిరాని పాడేరు మన్యం వంటి ప్రాంతాల్లో అత్యవసర వైద్యానికి ఫోను అందవలసి ఉన్నప్పుడు ప్రభుత్వ సంస్థను నిలుపుకోవాలి, దానికి నిధులు సకాలంలో ఇవ్వాలి.