పాత షెవ్రొలే పికప్ కొనేవారికి హెచ్చరిక: "హుడ్ కాస్త సర్దితే సరిపోతుంది" అంటే నమ్మకండి

టెక్సస్‌లో ఉంటున్న నేను పోయిన వేసవిలో 1970 నాటి షెవ్రొలే సి-10 పికప్ ట్రక్కును, పాత వాహనాలను బాగుచేసి అమ్మే ఒక షాపులో కొన్నాను. దాని హుడ్, అంటే మన వైపు బానెట్ అనేది, ఎడమవైపు వెనుక మూలన చిటికెన వేలు మందం పైకి లేచి ఉండటం బేరం నాడే గమనించాను. అడిగితే అమ్మకందారు నవ్వి, హింజ్, అంటే హుడ్ తెరుచుకునే కీలు, దాని బోల్టులు వదులుచేసి సర్దడం పది నిమిషాల పనేనని, బండి అప్పగించేలోపు తామే చేసి ఇస్తామని అన్నాడు. చేసి ఇచ్చిన మాటా నిజమే. ఎలా చేశారన్నది మూడు వారాల తరువాత బయటపడింది.

ఒక ఉదయం ఆయిలు చూసుకుని హుడ్ దించుతుంటే అది సగంలో మొరాయించింది. రెండు చేతులతో నొక్కేసరికి టప్పుమని చప్పుడైంది. హింజ్ బోల్టులకు కొంచెం ముందు రేకు అడ్డంగా మడత పడి, రంగు పగిలి, రూపాయి బిళ్లంత పుట్టీ ముక్క ఊడి ఇంజను మీద పడింది. అంటే ఆ హుడ్ అంతకుముందే ఒకసారి అక్కడే వంగిందని, దానిని టింకరింగ్ చేయకుండా పుట్టీ మెత్తి రంగు వేశారని అర్థం. 1967 నుంచి 1972 వరకు వచ్చిన ఈ షెవ్రొలే ట్రక్కులతో పరిచయం ఉన్నవారెవరికీ ఇది కొత్త సంగతి కాదు. హుడ్ చాలా పెద్దది, హింజ్‌లలో బలమైన స్ప్రింగులుంటాయి. నూనె చుక్క తగలక హింజ్ బిగుసుకుపోయినా, లేదా కొత్తగా వేసిన నాసిరకం హింజ్‌ల స్ప్రింగు మరీ గట్టిదైనా, కీలు కదలదు కనుక మనం పెట్టే బలమంతా రేకు మీద పడి అది వంగుతుంది.

హుడ్ విప్పి చూస్తే అసలు నిర్వాకం కనిపించింది. హింజ్ బోల్టు రంధ్రాలను గ్రైండరుతో కోసి పొడవు చేశారు. ఒకవైపు నాలుగు వాషర్లు ఒకదానిపై ఒకటి పేర్చారు. ఇంతటి కసరత్తుకు కారణమైన లోపం మాత్రం హింజ్‌లలో లేనే లేదు. రేడియేటరును మోసే కోర్ సపోర్టుకూ ఛాసిస్‌కూ మధ్య ఉండవలసిన రబ్బరు దిమ్మలు వేలితో తాకితే రాలిపోయేంతగా చివికిపోయి ఉన్నాయి. అవి కుంగితే ముందు భాగమంతా కిందికి వాలుతుంది, దానితో ఫెండర్లూ, అంటే ముందు చక్రాల మీది పక్క రేకులూ, వాలుతాయి. అప్పుడు హుడ్‌ను ఎంత సర్దినా ఒక మూల కుదిరితే మరో మూల చెడుతుంది. దీనిని కొనే ముందే కనిపెట్టవచ్చు: తలుపుకూ ఫెండరుకూ మధ్య సందు పైన వెడల్పుగా, కింద ఇరుకుగా ఉంటే ముక్కు కిందికి వాలిందేమోనని అనుమానించాలి. నా ట్రక్కులో ఆ తేడా ఫోటోలలో కూడా కనిపిస్తూనే ఉంది. కొత్త రంగు మెరుపు చూసి మురిసిన నాకే కనిపించలేదు.

చివరకు మరొక మెకానిక్ చేసిన పని వరుస చూస్తే ఆ పది నిమిషాల కబురు ఎంత బూటకమో తెలిసింది. ఆయన ముందుగా క్యాబ్, అంటే డ్రైవరు కూర్చునే గది, దాని కింది రబ్బర్లు పరిశీలించి, కోర్ సపోర్టు దిమ్మలు కొత్తవి వేసి, తలుపులను క్యాబ్‌కూ, ఫెండర్లను తలుపులకూ షిమ్ములతో, అంటే సందులో పెట్టే పలుచని బిళ్లలతో, కుదిర్చి, ఆ తరువాతే హుడ్ మీద చేయి వేశారు. హుడ్‌ను మూసి పట్టి ఉంచే లాచ్ విప్పి పక్కన పెట్టి, హుడ్‌ను మెల్లగా దించుతూ ఎత్తుతూ, చుట్టూ సందు దాదాపు 5 మిల్లీమీటర్లకు వచ్చాక, ముందు మూలల రబ్బరు బంపర్లతో ఎత్తు సరిచేసి, అన్నిటికంటే చివర లాచ్ బిగించారు. దీనికి రెండు పూర్తి రోజులు పట్టింది. దిమ్మల ఖరీదు హోటల్లో ఇద్దరి భోజనమంత కూడా కాలేదు. డబ్బంతా వేరే హుడ్‌కూ, రంగుకూ పోయింది. ఆ హుడ్ వెతికేటప్పుడు మరో మోసం తృటిలో తప్పింది: "67 నుంచి 72 వరకు అన్నిటికీ సరిపోతుంది" అని ఒకరు 1968 నాటిది అంటగట్టబోయారు. 1969లో ముందు భాగం ఆకృతి మారింది కనుక అది నా ట్రక్కుకు పట్టదు.

షాపు వారు డబ్బు వాపసు ఇవ్వలేదు, రసీదులో "ఉన్నది ఉన్నట్లుగా" అని రాసి ఉందన్నారు. కాబట్టి ఇటువంటి ట్రక్కు చూడటానికి వెళ్లేవారు హుడ్‌ను స్వయంగా నాలుగైదుసార్లు ఎత్తి దించండి, దించేటప్పుడు వెనుక అంచు బిగదీస్తే అక్కడితో ఆపండి. హింజ్‌ల దగ్గర రేకు మీద గుడ్డ చుట్టిన అయస్కాంతం పెట్టి చూడండి; అతుక్కోకపోతే లోపల పుట్టీ ఉన్నట్లే. అమ్మకందారు పంపిన ఫోటోలలో హుడ్ తెరిచి, హింజ్‌లు కనిపించేలా తీసినది ఒక్కటైనా ఉందో లేదో చూసుకోండి. నాకు పంపిన ఫోటోలు నలభైకి పైనే, అన్నిటిలోనూ హుడ్ మూసే ఉంది.