టోక్యో షింజుకు స్టేషన్ షాపింగ్: లుమినేనా, టైమ్స్ స్క్వేరా?

బట్టలకైతే లుమినే మాల్‌కే వెళ్ళండి, స్టేషన్‌కి ఆనుకునే ఉంటుంది. ఆడవాళ్ళ సైజులు చాలాచోట్ల 7, 9, 11 అని ఉంటాయి; 9 అంటే దాదాపు ఎమ్. ట్రయల్ రూమ్‌లోకి బూట్లు విప్పి వెళ్ళాలి. టాప్ వేసుకునే ముందు అక్కడిచ్చే పల్చటి ఫేస్ కవర్ తలకి తొడుక్కుంటే మేకప్ మరకలు అంటవు.

ఇంటి సామాన్లకి మాత్రం తకాషిమాయా టైమ్స్ స్క్వేర్ మాలే మేలు. అందులో వంటింటి పనిముట్లకి హ్యాండ్స్ షాపు, దుప్పట్లకి, కర్టెన్లకి నిటోరి షాపు. అక్కడ సింగిల్ బొంత కవర్ మామూలుగా 150×210 సెం.మీ.; ఇంట్లో బొంత కొలుచుకుని వెళ్ళండి. ఇండియాకి తేవాలనుకుంటే రైస్ కుక్కర్ అడుగున లేబుల్ చూడండి. 100 వోల్టులు అని మాత్రమే ఉంటే ఎంత ముచ్చటేసినా వదిలేయండి. మన 230 వోల్టులకి కాలిపోతుంది. చిన్న అడాప్టర్ ప్లగ్ పిన్నులనే మారుస్తుంది, వోల్టేజీని తగ్గించదు.