4 ఇంచుల గ్రైండర్: 6 ఏండ్లు వాడినంక నా మాట

హన్మకొండల మాది చిన్న వెల్డింగ్ షాపు, గేట్లు, కిటికీ గ్రిల్స్, రేకుల షెడ్లు చేస్తం. 2019 దసరా ముంగట ఇనుము కోసే, రుద్దే 850 వాట్ల గ్రైండర్ కొన్న, 4 ఇంచుల చక్రం ఎక్కేది, ఇయ్యాల్టికి సుత రోజూ చేతిల అదే ఉంటది. కంపెనీ పేరు రాస్తలేను, నేను చెప్పేది ఏ కంపెనీ మిషన్‌కైనా పనికొస్తది. కొన్న వారానికే రాసే రివ్యూలు మస్తున్నయి గాని, అరిగి, వేడెక్కి, ఒకసారి ఆర్మేచర్ (మోటర్‌ల తిరిగే రాగి చుట్టల భాగం) కాలినంక ఎట్లుంటదో చెప్పెటోళ్లు తక్కువ.

మోటర్‌ల దమ్ముంది. 40 ఎంఎం స్క్వేర్ పైపులు పొద్దంత కోసినా మొరాయించదు, నడుమ నడుమ లోడు లేకుండ ఒక నిమిషం తిప్పితే లోపలి ఫ్యాన్ గాలికే చల్లబడతది. బాడీ సన్నగుంటదని మా పిలగాండ్లు ఒంటిచేత్తో కోస్తుంటరు, అట్ల అస్సలు చెయ్యొద్దు, పైపుల కోత మూసుకొని చక్రం ఇరుక్కుంటే మిషన్ ఒక్కసారిగ ఎగురుతది, సైడు హ్యాండిల్ లేకుంటే ఆపలేం.

నాకు నచ్చనిది స్విచ్. ముందుకు జరిపితే లాక్ అయ్యే రకం. ఒకనాడు కోస్తుంటే కరెంటు పోయింది, స్విచ్ వెనక్కి జరపకుండ మిషన్ కింద పెట్టి చాయ్ తాగనీకి పోయినం. కరెంటు రాంగనే అది దానంతట అదే తిరుగుడు మొదలుపెట్టి బండల మీద దుంకుకుంట పోయి దాని వైరే అది చుట్టుకొని తెంపుకున్నది. ఆ టైంల పక్కన ఎవ్వలు లేరు కాబట్టి సరిపోయింది. అప్పటి నుంచి కరెంటు పోతే ముందు స్విచ్ ఆఫ్, తర్వాత ప్లగ్ పీకుడు. చక్రం మార్చేటప్పుడు సుత అంతే, ప్లగ్ పీకినంకనే పానా పట్టాలె.

గార్డు, అంటే చక్రం మీద సగం కప్పి ఉండే ఇనుప రేకు, దాని సంగతి కొంచెం ఎక్కువనే చెప్త, ఎందుకంటే చానా షాపులల్ల గార్డు తీసేసి పని చేస్తరు, మూలకు అందుతలేదు అంటరు. 2021 వానకాలంల మా తమ్ముడు వెల్డింగ్ గడ్డలు నున్నగ చేయనీకి కటింగ్ చక్రాన్నే పక్కకు ఒరిపి రుద్దిండు. సన్న కటింగ్ చక్రం అంచుతోని కోయనీకే, పక్క ఒత్తిడికి ఆగదు, పైంగ ఆ చక్రాలు రేకు కారే కాడ తడిసిన డబ్బాల నుంచి తీసినయి. ఫట్ మని పగిలి ఒక ముక్క గార్డుకు తగిలింది, ఆ సొట్ట ఇప్పటికీ ఉన్నది, వేలు పెడితే తెలుస్తది, గోరంత లోతు. అది సరిగ్గ వాని మొఖం ఉన్న దిక్కే. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలే.

చక్రం నడుమ ఉండే ఇనుప రింగు మీద నెల, సంవత్సరం కొట్టి ఉంటది, అది దాటితే పడేయాలె, అందులోని జిగురు పాతబడితే, తేమ తాకితే బలం తగ్గుతది. ఇంకోటి, మా మిషన్ ప్లేటు మీద నిమిషానికి 11,000 తిరుగుళ్లు అని ఉంటది, 4 ఇంచుల చక్రం మీద 15,300 దాకా రాసి ఉంటది కాబట్టి భయం లేదు, కానీ 7 ఇంచుల దాని మీద 8,500 అనే ఉంటది, గార్డు తీసేసి అది ఎక్కిస్తే చేతులార ప్రమాదం తెచ్చుకున్నట్టే. కట్టె కోసే పండ్ల చక్రం సుత ఈ మిషన్‌కు వద్దు. కొత్త చక్రం ఎక్కించినంక దూరంగ పట్టి ఒక నిమిషం ఊరికే తిప్పి అప్పుడు పని మొదలుపెట్టున్రి.

ఆర్మేచర్ కాలింది మా తప్పుతోనే. ఎండకాలం, వోల్టేజి తక్కువ, దూరం సైటు, సన్న వైరు చుట్టకు చుట్ట ఉంచి కనెక్షన్ ఇచ్చినం. మిషన్ మెల్లగ తిరుగుతుంటే ఇంకా గట్టిగ ఒత్తినం, పొగ వచ్చింది, ఆ వైరు చుట్ట సుత లోపల మెత్తబడి అతుక్కుపోయింది. ఇప్పుడు 1.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, మొత్తం విప్పి పరిచినంకనే వాడుతం. షాపు బోర్డుకు 30 మిల్లీ యాంప్స్ ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే దానంతట అదే ఆపేసే స్విచ్, పెట్టించిన. మిషన్‌కు రెండు పిన్నుల ప్లగ్గే వస్తది, ప్లేటు మీద డబ్బాల డబ్బా గుర్తు ఉంటే డబుల్ ఇన్సులేషన్ అన్నట్టు, ఎర్త్ పిన్ లేదని పరేషాన్ కావద్దు, కానీ వైరు తొక్క లేస్తే టేపు చుట్టుడు కాదు, వైరే మార్చాలె.

కార్బన్లు, అంటే మోటర్ తిరిగే భాగానికి కరెంటు అందించే చిన్న బొగ్గు ముక్కలు, ఇప్పటికి 5 సార్లు మార్చిన. వెనుక జాలీల నుంచి మెరుపులు ఎక్కువ కనిపించినా, ఆగి ఆగి తిరిగినా కార్బన్లు అయిపోవస్తున్నట్టే, రెండూ ఒకేసారి మార్చాలె. వారానికోసారి బ్లోయర్‌తోని జాలీల ఇనుప పొడి ఊదుతం, ఏడాదికోసారి దసరాకు పూజ ముంగట మొత్తం విప్పి, గేరుల పాత గ్రీజు తీసి కొత్తది పెట్టి, తుడిచి, అప్పుడు కుంకుమ బొట్టు.

సేఫ్టీ కళ్లద్దాలు లేకుండ మా షాపుల ఎవ్వలూ స్విచ్ వేయరు, మెడల తువ్వాల సుత బంద్.

ఇప్పుడు బేరింగ్ కొంచెం సప్పుడు చేస్తున్నది, ఈ దసరాకు మార్పిస్త. 5కు 4 ఇస్త, ఆ ఒకటి తగ్గించింది స్విచ్‌కే. ఇంకో మిషన్ కొంటే నొక్కి పట్టుకున్నంత సేపే తిరిగే స్విచ్ ఉన్నదే తీసుకుంట, రేటు ఎక్కువైనా సరే.