చెక్క విల్లుకు నరం పొర: ఆరేళ్లు వాడాక

నా పొట్టి విల్లు పొడవు 132 సెంటీమీటర్లు. ఓసేజ్ అనే గట్టి చెక్క, గురివైపుండే వీపున మూడు వరసల నరం. ఈ ఆరేళ్లలో ఎన్ని వేల బాణాలు వదిలానో లెక్కపెట్టలేదు కానీ, వీపున ఒక్క పీచు కూడా లేవలేదు. అంతకుముందు ఇదే చెక్కతో, ఇదే పొడవులో, నరం లేకుండా ఒకటి చేశాను. అది 24 అంగుళాలు లాగేసరికి పెళ్లున విరిగి రెండు ముక్కలైంది. ఆ చప్పుడు విన్నాకే నరం జోలికి వెళ్లాను.

నరం అంటే ఇక్కడ స్నాయువు, కండను ఎముకకు పట్టి ఉంచే తెల్లటి పట్టీ. జంతువుల కాళ్ల నుంచి, వెన్ను నుంచి తీస్తారు. విల్లు లాగినప్పుడు మనవైపున్న పొట్ట నొక్కుకుపోతుంది, గురివైపున్న వీపు సాగుతుంది. చెక్క నూటికి ఒక వంతు సాగేసరికే తెగే దశకు వచ్చేస్తుంది. నరం సుమారు పది వంతులు సాగితే గానీ తెగదు. విల్లు ఎక్కువగా విరిగేది వీపు దగ్గరే కాబట్టి దాన్ని అక్కడ అంటిస్తారు. లాభమంతా ఇందులోనే ఉంది. పొడవు తగ్గించుకుని కూడా భయం లేకుండా పూర్తిగా లాగొచ్చు.

ఓపిక లేనివాళ్లకు మాత్రం ఈ పని కుదరదు. ఎండిన కాలి నరం చూడటానికి పసుపురంగు కొమ్ములా, గాజులా ఉంటుంది. నున్నటి రాయి మీద పెట్టి చెక్క సుత్తితో మెల్లగా కొడుతూ ఉంటే పైతొడుగు పగిలి, లోపల తెల్లటి పీచులు విచ్చుకుంటాయి. వాటిని వేళ్లతో చీల్చి, దువ్వి, పొడవుల వారీగా చిన్న చిన్న కట్టలు కట్టుకోవాలి. ఇనుప సుత్తితో కొడితే పీచులు నలిగి తెగిపోతాయి. నా మొదటి నాలుగు నరాలు అలాగే పాడయ్యాయి. ఒక్క విల్లుకు సరిపడా పీచు తీయడానికి నాకు సాయంత్రాలన్నీ కలిపి రెండు వారాలు పట్టింది.

అంటించడానికి తోలు జిగురే. నీళ్లలో నానబెట్టి, 60 డిగ్రీల దగ్గర కరిగించాలి. మరిగిస్తే పట్టు పోతుంది. కట్టను గోరువెచ్చటి నీళ్లలో తడిపి, జిగురులో ముంచి, రెండు వేళ్ల మధ్య జారుస్తూ పిండితే తడి రిబ్బన్‌లా చదునుగా వస్తుంది. దాన్ని విల్లు వీపున పొడవునా పరుస్తాం. ఒక కట్ట చివర, పక్క కట్ట చివర ఒకేచోట రాకూడదు. గోడలో ఇటుకలు పేర్చినట్టు ఎడమార్చి పెట్టాలి. కొసల దగ్గర పలుచగా వేయాలి. నరం చెక్క కన్నా బరువు. కొసలు బరువెక్కితే బాణం మందగిస్తుంది, చేతికి అదురు తెలుస్తుంది.

ఆ తరువాత ఎదురుచూపు. ఆరేకొద్దీ నరం ముడుచుకుంటూ విల్లును ముందుకు, అంటే గురివైపుకు లాగేస్తుంది. తిన్నగా ఉన్న నా విల్లు నెలన్నరకు కొసల దగ్గర ఐదు సెంటీమీటర్లు ముందుకు వంగింది. రోజూ పొద్దున్నే దారం పట్టి కొలిచేవాణ్ణి. ఈ వంపునే రిఫ్లెక్స్ అంటారు. లాగడం మొదలుపెట్టగానే చేతికి బరువు తగులుతుంది, శక్తి ఎక్కువ నిలుస్తుంది. పైకి ఆరినట్టు కనిపించిందని తాడు ఎక్కించకండి. గోటితో గుచ్చితే దిగకూడదు, చెక్క మీద గీసినట్టే ఉండాలి. నేను మూడు నెలలు ఆగాను.

ఇక దీని బలహీనత తేమ. ఎండాకాలంలో త్రాసుకు తగిలించి లాగితే 44 పౌండ్లు చూపే విల్లు, వారం రోజులు ముసురు పట్టాక 39కి పడిపోయింది. వంపు కూడా సగం పోయింది. మొదటిసారి చూసినప్పుడు చాలా టెన్షన్ పడ్డాను. పొడి గదిలో గోడకు తగిలిస్తే పది రోజుల్లో మళ్లీ తేరుకుంది. అప్పటి నుంచి వాన వాసన రాగానే దాన్ని లోపల పెట్టేస్తాను. వీపున పలుచటి తోలు కూడా అంటించాను. కొరియా విల్లులకు భూర్జ చెట్టు బెరడు చుట్టేది ఈ తేమ కోసమే. తోలు అంటించాక తేడా తగ్గింది కానీ పూర్తిగా పోలేదు.

రెండో విల్లుకు వేసిన పొర ఏడాదికే ఒక చివర లేచింది. తప్పు నాదే. వీపును ఒట్టి చేత్తో తడిమాను, చేతి జిడ్డు అంటింది. ఇప్పుడు రంపపు బ్లేడుతో నిలువు గీతలు గీసి, జిడ్డు పూర్తిగా కడిగి, పలుచటి జిగురు రెండు పూతలు వేశాకే మొదలుపెడతాను.

మూడో ప్రయోగం 170 సెంటీమీటర్ల పొడుగు విల్లు మీద. దానికి నరం దండగ. అంత పొడుగు విల్లులో వీపు పెద్దగా సాగదు, అదనపు బరువు మాత్రం మిగిలింది. పైగా మెత్తటి చెక్క కావడంతో పొట్ట మీద సన్నటి అడ్డగీతలు పడ్డాయి. నలిగే పొట్టను నరం కాపాడలేదు. తురుష్కుల విల్లులో పొట్టకు కొమ్ము, వీపుకు నరం, మధ్యలో చెక్క ఉండటం ఊరికే కాదు. నలుగుడును కొమ్ము తట్టుకుంటుంది. విష్ణువు విల్లును శార్ఙ్గం అంటాం కదా, ఆ మాట కూడా శృంగం నుంచి, అంటే కొమ్ము నుంచి వచ్చిందే. కొమ్ము లేకుండా నరం ఒక్కటే వేసేటట్టయితే పొట్ట చెక్క నలుగుడును తట్టుకునేదై ఉండాలి. ఓసేజ్, యూ, జునిపర్ లాంటివి. కాలిఫోర్నియాలోని యాహీ తెగలో చివరివాడైన ఇషి చేసుకున్న పొట్టి విల్లులు జునిపర్ మీద నరం వేసినవే.

150 సెంటీమీటర్ల లోపు విల్లు కావాలి, చెక్క గట్టిది, ఏడాదిలో ఎక్కువ కాలం పొడిగా ఉంటుంది అనుకుంటే నిస్సంకోచంగా వేయండి. వీపున ముడి ఉండి భయపెడుతున్న చెక్కకైతే మరీ మంచిది. నాకు ఆ పని చాలా ఇష్టం. కొత్త ఓసేజ్ ముక్క ఒకటి అటక మీద ఆరుతోంది. మధ్యలో రూపాయి బిళ్లంత ముడి ఉంది. దానికోసం పీచు దువ్వడం నిన్ననే మొదలుపెట్టాను, ఇప్పటికి తొమ్మిది కట్టలయ్యాయి.